దుల్హాభాయ్ ప్లాటు, భాంజీ ఖ్వాబు



పోయిన జుమ్మా రాత్రి మా ఫుప్పూ ఉమ్రాకు బయల్దేరితే ఖాందాన్ మొత్తం షంషాబాద్ ఎయిర్‌పోర్టుకు కదిలింది. వెళ్లేది ఇద్దరు, సాగనంపేది పదిహేడు మంది. మన దగ్గర ఇది మామూలే. పూలదండలు, టిఫిన్ డబ్బాలు, గేటు బయట దువా, ఏడుపులు, ఖుదా హాఫిజ్‌లు. లోపలికి పోయాక కూడా అద్దాల్లోంచి చేతులు ఊపుతూ నిలబడ్డం.

తిరిగొస్తూ సాతంరాయి దగ్గర చాయ్‌కు ఆగినం. పైన ఒక విమానం దిగుతోంది. మా ఆపా చిన్న కూతురు, ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ, గిలాసు చేతిలో పట్టుకుని తల ఎత్తి, "మామూ, అది ఏ-320 నియో" అంది. ఎట్లా తెలుసే అంటే ఇంజిన్ సైజు, రెక్క కొస వంపు, మోత, ఏవేవో చెప్పింది. తర్వాత నెమ్మదిగా, నా ఒక్కడికే వినపడేటట్టు, "నేను పైలట్ అయితా మామూ, అబ్బాకు నువ్వు చెప్పు" అంది.

చెప్పాల్సిన పని పడలేదు. దుల్హాభాయ్ విననే విన్నాడు. ఆయన పన్నెండేళ్లుగా ఎయిర్‌పోర్టు క్యాబ్ నడుపుతున్నాడు. విమానాలు ఎప్పుడు దిగుతయో, ఏ దేశం ఫ్లైట్ దిగితే ఎంత దూరం సవారీ దొరుకుతదో ఆయనకు నోటికి తెలుసు. కానీ కాక్‌పిట్ ఎట్లుంటదో ఎప్పుడూ చూడలేదు. చాయ్ తాగి, గిలాసు పెట్టి, నన్ను చూసి అన్నాడు: "మియా, నువ్వు పేపర్ల పనిచేస్తవ్ గదా. సాఫ్ సాఫ్ చెప్పు. ఎంతైతది? పహాడీ షరీఫ్ దగ్గర నా నూటయాభై గజాలు అమ్మితే సరిపోతదా?"

ఆ ప్లాటు దేనికని పెట్టిండో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ పిల్ల షాదీకి. ఆపా మొహం తిప్పుకుంది.

నేను ఆ రాత్రి జవాబు చెప్పలేదు. ఇది ఆ జవాబు. దుల్హాభాయ్‌కి ఒక్కడికే చెప్తే ఫోన్‌లో అయిపోయేది. కానీ ఇదే సవాల్ అడుగుతున్న అబ్బాలు షాహీన్‌నగర్‌లో, జల్‌పల్లిలో, కర్నూలులో, కడపలో ఇంకా ఉన్నారు. వాళ్లలో కొందరు మోసపోయాక నా దగ్గరికి వచ్చారు.

ముందు ఒక మాట ఒప్పుకోవాలి. మన ముసల్మాన్ ఇళ్లల్లో పైలట్ మాటెత్తితే వెంటనే వచ్చే పేరు సయ్యదా సల్వా ఫాతిమా. పాతబస్తీ పిల్ల. తండ్రి బేకరీలో పనిచేసేవాడు. ఎంసెట్ కోచింగ్ కోసం సియాసత్ ఉర్దూ పత్రిక వాళ్ల దగ్గరికి వెళ్తే ఎడిటర్ జాహిద్ అలీ ఖాన్ ఏం కావాలనుకుంటున్నావని అడగడం, పైలట్ అని ఆ పిల్ల అనడం, ఆయన ఫీజుకు బందోబస్తు చేయడం మీరంతా చదివే ఉంటారు. యూనిఫాం మీద హిజాబ్ వేసుకున్న ఆమె ఫోటో ప్రతి ఏడాదీ మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకసారి తిరుగుతుంది. కింద మాషాఅల్లా, మాషాఅల్లా అని నలభై మంది రాస్తారు. నేనూ రాశాను. డెస్కులో కూర్చుని అట్లాంటి వార్తలకు "ఆకాశమే హద్దు" అని హెడ్డింగు పెట్టినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ హెడ్డింగు ఇప్పుడు గుర్తొస్తే శరమ్ అనిపిస్తుంది. ఎందుకంటే హద్దు ఆకాశం కాదు. పైసా.

తారీఖులు పక్కపక్కన పెట్టి చూడండి. ఆమె బేగంపేటలోని అప్పటి ఆంధ్రప్రదేశ్ ఏవియేషన్ అకాడమీలో చేరింది 2007లో. కమర్షియల్ పైలట్ లైసెన్స్, అంటే సీపీఎల్, చేతికి వచ్చింది 2013లో. చేతిలో లైసెన్స్ ఉంది, నౌకరీ లేదు. ఎందుకంటే పెద్ద విమానం నడపాలంటే మల్టీ ఇంజిన్, టైప్ రేటింగ్ అని ఇంకా రెండు మెట్లున్నాయి. వాటికి మళ్లీ లక్షలు కావాలి. తెలంగాణ ప్రభుత్వం ప్రత్యేకంగా సుమారు 36 లక్షలు మంజూరు చేస్తే న్యూజిలాండ్‌లో మల్టీ ఇంజిన్, బహ్రెయిన్‌లో ఎయిర్‌బస్ ఏ-320 ట్రైనింగ్ చేసింది. ఇండిగోలో ఫస్ట్ ఆఫీసర్‌గా చేరేసరికి 2020 వచ్చింది. మధ్యలో నికా అయింది, తల్లి కూడా అయింది. పైసలున్న ఇంటి పిల్ల రెండు మూడేళ్లలో పూర్తిచేసే దారి ఇది. ఈమెకు పదమూడేళ్లు పట్టింది.

ఆమె హిమ్మత్‌కు సలాం. కానీ ఆ పదమూడేళ్లను మనం కామ్‌యాబీ కథగా మాత్రమే చెప్పుకుంటున్నాం. అందులో ఒక షికాయత్ కూడా ఉంది. ఒక ఎడిటర్ దిల్ కరగాలి, కొందరు దాతలు ముందుకు రావాలి, తర్వాత ముఖ్యమంత్రి దాకా ఫైలు పోవాలి. అప్పుడుగానీ ఒక బేకరీ వర్కర్ కూతురు ఒక సీట్లో కూర్చోలేదు. ఇట్లా ఒకరికి జరుగుతుంది. రెండో పిల్లకు, మూడో పిల్లకు ఏ ఎడిటర్ దొరుకుతాడు? మా భాంజీ అడుగుతున్నది అదే.

ఈ శహర్‌కు ఆస్మాన్ కొత్తేం కాదు. మొదటి జంగ్‌లో, 1918లో, నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన పైసలతో విమానాలు కొన్న బ్రిటిష్ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ పేరే పెట్టారు. 110 హైదరాబాద్ స్క్వాడ్రన్ అని అది ఇప్పటికీ చరిత్ర పుస్తకాల్లో ఉంది. బేగంపేటలో ఏరోక్లబ్ నిజాం కాలందే. 1945లో నిజాం రైల్వే, టాటాలు కలిసి డక్కన్ ఎయిర్‌వేస్ పెట్టారు. 1953లో దాన్ని ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిపేశారు. ఇందులో నాకు నచ్చే ముచ్చట ఇంకోటుంది. 1947లో లైసెన్సు పొందిన ప్రేమ్ మాథుర్ అనే అమ్మాయిని, ఆడది విమానం నడిపితే ప్యాసింజర్లు భయపడతారని కంపెనీలు ఒకదాని తర్వాత ఒకటి వద్దన్నాయి. తీసుకున్నది మన డక్కన్ ఎయిర్‌వేసే. 1949లో ఆమె నేషనల్ ఎయిర్ రేస్ గెలిచింది. ఆడపిల్లకు కాక్‌పిట్ తలుపు తెరిచిన శహర్ ఇది. షంషాబాద్ అనే పేరే షంసుల్ ఉమరా అనే పాయిగా బిరుదు నుంచి వచ్చిందంటారు. 2008 మార్చిలో విమానాలన్నీ బేగంపేట నుంచి అక్కడికి మారాయి. ఐదు వేల ఎకరాల పైచిలుకు జమీన్.

ఆ జమీన్ మీద మనవాళ్లు లేరా? ఉన్నారు. లోడర్లుగా, క్లీనింగ్‌లో, క్యాబుల్లో, హైవే మీద బిర్యానీ హోటళ్లలో. సౌదీ, కువైట్ పోయే క్యూలో పాస్‌పోర్టు పట్టుకుని. హజ్ సీజన్‌లో తెల్లని ఇహ్రామ్‌లో. నిలబడేవాళ్లుగా, ఎక్కేవాళ్లుగా, మోసేవాళ్లుగా ఉన్నాం. హలాల్ కమాయికి తలవంచాల్సిన పని లేదు, దుల్హాభాయ్ క్యాబ్ మీదే ముగ్గురు పిల్లలు చదివారు. కానీ కూతురు తండ్రి పార్కింగ్ నుంచి ఇంకో రెండు వందల మీటర్లు లోపలికి పోతానంటే, దారి ఎట్లుంటదో ఆయనకు చెప్పేవాడు ఒక్కడూ లేకపోవడం మాత్రం నాకు బాధ.

సరే, దారి.

దుల్హాభాయ్, ప్లాటు ఇప్పుడే అమ్మొద్దు. మొదటి మెట్టు లక్షల్లో లేదు, వేలల్లో ఉంది. అది మెడికల్. డీజీసీఏ గుర్తించిన డాక్టర్ దగ్గర క్లాస్ 2, ఆ తర్వాత క్లాస్ 1. కళ్లు, చెవులు, గుండె, రక్తం అన్నీ చూస్తారు. పిల్లకు కళ్లద్దాలున్నాయని ఆపా దిగులు పడుతోంది. అద్దాలతో చూపు సరిగ్గా వస్తే అభ్యంతరం లేదు. కానీ రంగులు గుర్తుపట్టడంలో లోపముంటే కష్టం. ఈ పరీక్ష చేయించకుండా ఇరవై లక్షలు కట్టి, తర్వాత అన్‌ఫిట్ అని ఏడ్చిన ఇల్లు ఒకటి నాకు తెలుసు. ఇంకో సంగతి, క్లాస్ 1 ఒక్కసారితో అయిపోదు. నౌకరీ ఉన్నన్నాళ్లూ ఏటేటా చేయించుకోవాల్సిందే. మన ఖాందాన్లలో షుగర్, బీపీ ఎట్లా పాకుతున్నాయో తెలుసు కదా. పైలట్ తిండి వేరే తీరుగా ఉండాలె. వలీమాల్లో రెండోసారి ప్లేటు నింపుకునే అలవాటు ఆ పిల్లకు ఇప్పటినుంచే మాన్పించండి.

రెండో మెట్టు రాత పరీక్షలు. ఎయిర్ నావిగేషన్, మెటియరాలజీ, ఎయిర్ రెగ్యులేషన్స్, టెక్నికల్. ప్రతిదాంట్లో 70 శాతం రావాలి. ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉంటే చాలు. లేనివాళ్లు ఆ రెండూ ఓపెన్ స్కూల్లో రాసి పాసైనా ఒప్పుకుంటారు. ఈ పరీక్షలకు ఫ్లయింగ్ స్కూల్లో చేరి ఉండాల్సిన పని లేదు. ఇంట్లో కూర్చుని, పక్కన ఏదో డిగ్రీ చదువుకుంటూ, పుస్తకాలు కొనుక్కుని రాయొచ్చు. చాలామంది ఈ సంగతి తెలియక ముందే లక్షలు కట్టేసి, ఆ లక్షలు కరుగుతుంటే హాస్టల్లో కూర్చుని మెటియరాలజీ బట్టీ పడతారు. నేను చెప్పేది ఉల్టా. ముందు పరీక్షలు పాస్ కానీయండి. పాసైతే పిల్లకు ఇది శౌక్ మాత్రమేనా, జునూన్ కూడా ఉందా అని మీకూ తెలుస్తది, ఆమెకూ తెలుస్తది.

మూడోది అసలు ఖర్చు. సీపీఎల్‌కు 200 గంటలు ఎగరాలి. అందులో 100 గంటలు తనే కమాండ్‌లో ఉండి. రాత్రి పూట ఎగరడం, దూరపు ఊళ్లకు ఎగరడం అన్నీ ఆ లెక్కలోవే. ఇవాళ ఫ్లయింగ్ స్కూళ్లు దీనికి 40 నుంచి 60 లక్షల దాకా అడుగుతున్నాయి. దాని మీద టైప్ రేటింగ్‌కు ఇంకో పదిహేను, ఇరవై లక్షలు. ఎయిర్‌లైన్ కంపెనీలే నడిపే క్యాడెట్ ప్రోగ్రాములైతే మొత్తం కోటి చుట్టూ. కాబట్టి దుల్హాభాయ్, నూటయాభై గజాలు సరిపోవు. సగం దారి దాకా వస్తది. సగం దారిలో ఆగిపోయిన పైలట్‌కు బజార్లో ఏ విలువా లేదు. ఇంజనీరింగ్ సగంలో ఆపినా ఏదో పని దొరుకుతది, 120 గంటలు ఎగిరిన పిల్లకు మాత్రం చేతిలో ఏ కాగితమూ ఉండదు.

ఇంకా సగం దారిలో ఆగేది పైసలతోనే కాదు. ఆరేళ్ల కిందట మా దూరపు చుట్టం అబ్బాయిని ఒక కన్సల్టెన్సీ వాళ్లు జాబ్ గ్యారంటీ అని చెప్పి ఒక ఫ్లయింగ్ స్కూల్లో చేర్చారు. పేరు రాయను. అక్కడ విమానాలు నాలుగు, స్టూడెంట్లు ఎనభై మందికి పైనే. ఒక విమానం ఎప్పుడూ రిపేరులోనే. ఇన్‌స్ట్రక్టర్ మధ్యలో నౌకరీ మారిపోయాడు. ఏడాదిలో అయిపోతదన్న 200 గంటలకు మూడేళ్లు పట్టింది. హాస్టల్ ఖర్చు, అద్దె అంతా అబ్బా మీదే. అందుకే చేరే ముందు వెళ్లి చూడండి. బ్రోషర్ పక్కన పెట్టండి, రన్‌వే పక్కన నిలబడి లెక్కపెట్టండి. ఎన్ని విమానాలు నిజంగా ఎగురుతున్నాయి, ఎంతమంది పిల్లలున్నారు, పోయినేడు చేరినవాళ్లకు ఎన్ని గంటలైనాయి? క్యాంటీన్‌లో కూర్చున్న పిల్లలను అడిగితే చెప్తారు. జాబ్ గ్యారంటీ అన్న మాట ఎవరి నోటినుంచి వచ్చినా అక్కణ్ణుంచి లేచి వచ్చేయండి.

జాబ్ సంగతి. విమానాలైతే వస్తున్నాయి. 2023లో ఎయిర్ ఇండియా 470, ఇండిగో ఒకేసారి 500 విమానాలకు ఆర్డర్ ఇచ్చాయి. వాటిని నడపడానికి మనుషులు కావాలి. 2025 డిసెంబరులో పైలట్ల విశ్రాంతి గురించి వచ్చిన కొత్త రూల్స్‌కు సరిపడా డ్యూటీలు సర్దుకోలేక ఇండిగో ఫ్లైట్లు వేలల్లో రద్దయిన సంగతి చూశారు. దాన్నిబట్టి పైలట్ల కరువు ఉందని కొందరు స్కూళ్లవాళ్లు ప్రచారం చేసుకుంటున్నారు. ఉంది, కానీ ఆ కరువు ఎక్కువగా కెప్టెన్లకు, అనుభవమున్నవాళ్లకు. 200 గంటల కొత్త లైసెన్సుదారులు ఇంకా లైన్లో నిలబడే ఉన్నారు. పైగా ఈ ధందాకు గాలివాన ఎక్కువ. 2012లో కింగ్‌ఫిషర్, 2019లో జెట్ ఎయిర్‌వేస్, 2023లో గో ఫస్ట్ ఆగిపోయాయి. మధ్యలో 2020 కరోనా. ప్రతిసారీ ఈఎంఐలు నెత్తిన పెట్టుకున్న పైలట్లు రోడ్డున పడ్డారు.

ఇది విని ఆపా "చూసినవా, నక్కో అంటే వినరు" అంటుందని తెలుసు. ఆపాకు ఇంకో భయం కూడా ఉంది, 2025 జూన్ 12 అహ్మదాబాద్. ఆ రోజు టీవీ ముందు కూర్చుని ఆమె ఎంత ఏడ్చిందో నాకు తెలుసు. దానికి నా దగ్గర లెక్కల జవాబు లేదు. మౌత్ రాసిపెట్టి ఉన్నచోటికే వస్తదని ఆపానే మా అందరికీ చెప్తుంది. దుల్హాభాయ్ రోజూ రాత్రి రెండు గంటలకు ఔటర్ రింగ్ రోడ్డు మీద నడిపే క్యాబ్‌కంటే విమానం భద్రమైనదని మాత్రం చెప్పగలను.

రమజాన్‌లో రోజా ఎట్లా అని కూడా అడిగింది ఆపా. ముసాఫిర్‌కు రుఖ్సత్ ఉంది, తర్వాత ఖజా ఉంచుకోవచ్చు. మిగతా మసాయిల్ ఉలమాలను అడగండి, నేను ఆలిమ్‌ను కాను. కానీ ఒక మాట అడగనీయండి. మొన్న మా మొహల్లాలో ఒక పెద్దమనిషి, ఆడపిల్ల రాత్రిళ్లు మహ్రమ్ లేకుండా ఊళ్లు తిరిగే నౌకరీ ఏంటని కోపం చేశాడు. సవాల్ సరైనదే, జవాబు వెతకాల్సిందే. అయితే మన బస్తీల నుంచి, కడప జిల్లా ఊళ్ల నుంచి ఎంతమంది ఆడవాళ్లు ఖద్దామాలుగా గల్ఫ్‌కు పోలేదు? పరాయి దేశంలో, పరాయి ఇంట్లో, రాత్రింబవళ్లు. అప్పుడు ఈ సవాల్ ఎవరూ ఇంత గట్టిగా అడగలేదు. ఒంటరిగా పోయినామె పోచా కొడితే మజ్‌బూరీ, ఒంటరిగా పోయినామె విమానం నడిపితే బేహయాయీ అనే లెక్క నాకు అర్థం కాదు. మనదేశ పైలట్లలో ఆడవాళ్లు సుమారు 15 శాతం. ప్రపంచంలో చాలా దేశాలకంటే ఇది చాలా ఎక్కువ. అంటే ఆ దారిలో మా భాంజీ ఒంటరిది కాదు.

ఇప్పుడు పైసల సంగతి. అబ్బాలంతా ఇక్కడే ఆగిపోతున్నారు. బ్యాంకులో ఎడ్యుకేషన్ లోన్ తీసుకుంటే సూద్. దుల్హాభాయ్ ముట్టడు, ముట్టమని నేను చెప్పను. రాష్ట్ర ప్రభుత్వం మైనారిటీ పిల్లలకు విదేశీ చదువుకు 20 లక్షల స్కాలర్‌షిప్ ఇస్తుంది. చాలా మంచి పథకం, మా మొహల్లా నుంచే ఇద్దరు వెళ్లారు. కానీ అది పీజీ, పీహెచ్‌డీలకు. పైలట్ ట్రైనింగ్ అందులోకి రాదు. సల్వా ఫాతిమాకు ఇచ్చింది ప్రత్యేక మంజూరు, ఆ ఒక్కరికే. అదే పథకంలో ఏటా ఐదుగురికో పదిమందికో పరీక్షలు పాసై, క్లాస్ 1 మెడికల్ ఉన్నవాళ్లకు సీపీఎల్ సాయం చేర్చమని అడగడానికి మన ఎమ్మెల్యేలకు, మన సంఘాలకు ఏం అడ్డం? షాదీఖానాలు అడిగినంత గట్టిగా దీన్ని ఎవరూ అడగ్గా నేను వినలేదు.

జకాత్‌తో పైలట్లను తయారుచేయాలని కొందరు దోస్తులు అంటారు. నేను ఒప్పుకోను. ఒక్క పైలట్ ఖర్చుతో ఎంతోమంది పేద పిల్లలకు నర్సింగ్, పాలిటెక్నిక్, డిగ్రీ చదివించొచ్చు. జకాత్ మీద మొదటి హక్కు వాళ్లది. నూటయాభై గజాల మాలిక్ కూతురు దాన్ని అడగకూడదు, మా దుల్హాభాయ్ అడగడు కూడా. ఆమెకు కావాల్సింది ఖర్జె హసనా. సూద్ లేని అప్పు, రాతపూర్వకంగా, గవాహ్‌లతో. ఎందుకంటే ఇది తిరిగి కట్టగలిగిన చదువు. ఇరవై ఇళ్లు మూడేసి లక్షలు వేసుకుంటే 60 లక్షలు. నౌకరీలో చేరినాక నెలకు 60 వేలు తిరిగి కడితే వంద నెలలు, అంటే ఎనిమిదేళ్ల నాలుగు నెలలు. నెలకు లక్ష కట్టగలిగితే ఐదేళ్లు. ఫస్ట్ ఆఫీసర్‌ జీతం లక్షల్లోనే ఉంటుంది కాబట్టి ఇది ఖయాలీ పులావ్ కాదు. ఆ పైసలు తిరిగొచ్చాక ఇంకో పిల్లకు పోతాయి.

ఖతరా ఉంది, దాచను. ఎయిర్‌లైన్ మూతపడితే వాయిదాలు ఆగుతాయి. మెడికల్ పోతే మొత్తం ఆగిపోవచ్చు. ఇచ్చేవాళ్లు అది ముందే తెలుసుకుని ఇవ్వాలి. మూడు లక్షలు ఎక్కడివి అంటారా? మొన్న నేను తిన్న ఒక వలీమాలో స్టేజీ పూలకే నాలుగు లక్షలైందని అబ్బాయి తండ్రే గర్వంగా చెప్పాడు. మరునాడు పొద్దున ఆ పూలు ఫంక్షన్ హాల్ వెనక కుప్పగా పడి ఉన్నాయి, మేకలు తింటున్నాయి.

ఇంకొక అడ్డం ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. నేను ఉర్దూ మీడియం. బడిలో విమానం మాకు తయ్యారా, ఇంట్లో హవాయీ జహాజ్. ఫిజిక్స్ తబీయాత్, మ్యాథ్స్ రియాజీ. రఫ్తార్ తెలిసిన నేను తెలుగులోకి వచ్చి వేగం నేర్చుకున్నా, అది నేర్చుకునేలోపల అందరూ వెలాసిటీ అంటున్నారు. నాకది తెలుగు డిగ్రీలోకి దారి చూపింది, అల్‌హందులిల్లా, నష్టం లేదు. కానీ కాక్‌పిట్‌లో మూడో భాష ఒక్కటే నడుస్తుంది. రేడియోలో మాట్లాడే పరీక్ష వేరే ఉంటుంది. ఇంగ్లిష్‌లో అంతర్జాతీయ లెక్క ప్రకారం కనీసం లెవెల్ 4 రావాలి. షేక్‌స్పియర్ అక్కర్లేదు. చెప్పింది ఒక్కసారికి అర్థం చేసుకుని, తడబడకుండా తిరిగి చెప్పగలగాలి. ఉర్దూ మీడియం ఆడపిల్లల కాలేజీల్లో ఎంపీసీ గ్రూపు ఎన్నిచోట్ల ఉంది, ఫిజిక్స్ లెక్చరర్ ఎన్నిచోట్ల ఉన్నారు అని ఎవరైనా తిరిగి చూస్తే, మన పైలట్లు ఎక్కడ ఆగిపోతున్నారో తెలుస్తుంది. బేగంపేట రన్‌వే దాకా రానేరారు, పదో జమాత్ దగ్గరే ఆగుతారు.

కాక్‌పిట్ ఒక్కటే విమానం కాదని కూడా మా భాంజీకి చెప్పాను. ఆమెకు నచ్చలేదు, అయినా చెప్పాను. కంట్రోల్ టవర్‌లో కూర్చుని విమానాలను నడిపించే ఏటీసీ నౌకరీ ఉంది. ఫిజిక్స్, మ్యాథ్స్‌తో బీఎస్సీ చేసినా, ఇంజనీరింగ్ చేసినా ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ పరీక్ష రాయొచ్చు. పాసైతే వాళ్లే జీతమిచ్చి ట్రైనింగ్ ఇస్తారు. సర్కారీ నౌకరీ, ప్లాటు అమ్మే పని లేదు. విమానాలు రిపేరు చేసే మెయింటెనెన్స్ ఇంజనీర్ లైసెన్స్ ఉంది, దానికయ్యే ఖర్చు పైలట్ ఖర్చులో చిన్న ముక్క. షంషాబాద్‌లోనే పెద్ద పెద్ద హ్యాంగర్లున్నాయి, ఇంజిన్ల కోసం ఫ్రాన్స్ కంపెనీ సాఫ్రాన్ అక్కడికే వచ్చింది. మెకానిక్ పనిలో మన పిల్లల చేతికి ఉన్న హునర్ ఎవరికుంది? అఫ్జల్‌గంజ్‌లో ఇంజిన్ విప్పి మూసే పిల్లగాడికి ఈ లైసెన్సు మాట చెప్పినవాడు లేడు, అంతే. నిజం చెప్పాలంటే, వంద మంది పిల్లల్లో తొంభై మందికి నేను ఈ రెండు దారులే చెప్తాను.

మిగిలిన పదిమందిలో మా భాంజీ ఉందో లేదో ఇంకా తేలలేదు. ఈ మంగళవారం దుల్హాభాయ్ క్యాబ్ బంద్ పెట్టి ఆమెను క్లాస్ 2 మెడికల్‌కు తీసుకెళ్లాడు. డాక్టర్ ఫిట్ అన్నాడు, కళ్లద్దాలు పెట్టుకోవాలని రాశాడు. వచ్చేటప్పుడు కోఠీలో ఆగి మెటియరాలజీ పుస్తకం సెకండ్ హ్యాండ్‌ది కొన్నారట. నిన్న జొహర్ తర్వాత ఆపా ఫోన్ చేసింది. తిడుతుందేమో అనుకున్నా. "ఇదేందో మబ్బుల పుస్తకం అంట, రాత్రి పన్నెండు దాకా చదువుతుంది. ఇందులో ఉరుముల మబ్బుకు ఏదో పెద్ద ఇంగ్లిష్ పేరుంది, దాని మానే ఏంది అని నన్ను అడుగుతది. నాకేం తెలుసు? నువ్వు రా, వచ్చి చెప్పు" అంది.

ప్లాటు కాగితాలు ఇంకా ట్రంకు పెట్టెలోనే ఉన్నాయి.